ముహూర్తం కోసం కడుపు కోయించుకోవద్దు

బందరులో, గుడివాడలో, దివిసీమ ఊళ్లలో కొన్ని ఇళ్లలో ఒక లెక్క నడుస్తోంది. ఆషాఢంలో ఎలాగూ ముహూర్తాలుండవు. ఆ నెలలో బెజవాడ తీసుకెళ్లి అమ్మాయికి బరువు తగ్గే ఆపరేషన్ చేయించేస్తే మాఘమాసానికి సన్నబడుతుంది, అప్పుడు సంబంధాలు చూసుకోవచ్చు. ఈ లెక్క వేసేవాళ్లు పరాయివాళ్లు కాదు. కన్నతల్లి, మేనత్త, పెళ్లిళ్ల పేరయ్య. అందరిదీ ప్రేమే. కానీ ఆపరేషన్ బల్ల మీద పడుకోబోయే పిల్లని మాత్రం ఎవరూ అడగరు.

అమ్మల్లారా, నాన్నల్లారా, దయచేసి ఆ లెక్క ఆపండి.

ఆపరేషనే తప్పని నేననడం లేదు. నూట ఇరవై కిలోల ఒంటితో, షుగరుతో, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుతో నలిగిపోతున్న మనిషికి అది ప్రాణం పోసే వైద్యమే. చాలామందికి షుగరు మందులు తగ్గుతాయి, కొందరికి పూర్తిగా ఆగిపోతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. కాబట్టి అవసరం ఉన్నవాళ్లు ఉన్నారు. అయితే అది జబ్బు కోసం పుట్టిన ఆపరేషన్, పెళ్లిచూపుల కోసం పుట్టింది కాదు. ఎత్తుకు తగ్గ బరువును చూసే లెక్క బీఎంఐ. మన దేశంలో చాలాకాలం డాక్టర్లు పాటించిన హద్దు బీఎంఐ 37.5. షుగరు, బీపీ లాంటివి తోడైతే 32.5. అయిదడుగుల రెండంగుళాల మనిషి 80 కిలోలుంటే ఈ రెండో హద్దు దగ్గరకు వస్తుంది. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఈ హద్దులను సడలించి, ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. హద్దు తగ్గింది కదా అని పదిహేను కిలోల కోసం పిల్లని బల్ల ఎక్కించకండి.

అసలు ఏం చేస్తారో ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత గొట్టం. తీసేసింది మళ్లీ రాదు. బైపాస్ అనే పద్ధతిలో జీర్ణాశయం పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచిని మిగిల్చి, చిన్నపేగులో కొంత భాగాన్ని దాటించి కలుపుతారు. రెంటిలో ఏదైనా, విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు బతికినన్నాళ్లూ తప్పవు. ఇరవై రెండేళ్ల పిల్ల తన తర్వాతి యాభై ఏళ్లకు సంతకం పెడుతోంది. తెలిసి పెడుతోందా?

తిండి సంగతి చూద్దాం. మనది మూడు పూటలా అన్నం తినే నేల. పలకరింపు తిండితోనే, అలక తిండి మీదే, బుజ్జగింపూ తిండితోనే. అలాంటి చోట పెరిగిన మనిషికి రేపటి నుంచి అరకప్పుతో సరి అంటే లోపల ఒక భయం పుడుతుంది. ఇక జన్మలో తినలేనేమోనని. ఆ భయంతో ఆపరేషన్‌కు ముందు వారం బందరు లడ్డూ, హల్వా, రొయ్యల వేపుడు, బిర్యానీ కసిగా తినేవాళ్లుంటారు. ఇంట్లోవాళ్లు కూడా పాపం తిననీ అంటారు. అలా అనకండి. ముందు రెండు వారాలు పథ్యం పెట్టేది కాలేయంలో కొవ్వు తగ్గి, అది కాస్త చిన్నదై, సర్జన్ చేతికి చోటివ్వాలని. ఆ రెండు వారాల్లో తిన్న బిర్యానీ సర్జన్ పనిని కష్టం చేస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ చివరి తిండి జిహ్వచాపల్యం కాదు, దిగులు. దాన్ని కసురుకుంటే పోదు, కూర్చోబెట్టి మాట్లాడితే కొంత పోతుంది.

ఇంతకన్నా లోతైనది మరొకటుంది. రాత్రి పదకొండు దాటాక వంటింట్లో లైటు వెయ్యకుండా, మూత చప్పుడు కాకుండా తీసి, కుక్కర్లో మిగిలిన చల్లన్నంలో ఆవకాయ కలుపుకుని నిలబడే తినేసి, గిన్నె కడిగి బోర్లించి వచ్చి పడుకునే పిల్లలున్నారు. పొద్దున మళ్లీ టిఫిన్ వద్దంటారు. అది ఆకలి కాదు. పగలు ఎవరో అన్న మాట, తప్పిపోయిన సంబంధం, చెప్పుకోలేని బాధ. ఆపరేషన్ కడుపుకే గానీ ఆ బాధకు కాదు. అరటిపండంత గొట్టంలోంచి కూడా ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింక్, పాకం కారే మిఠాయి సులువుగా జారిపోతాయి. అలా పోయిన బరువు తిరిగొచ్చినవాళ్లున్నారు. బైపాస్ అయినవాళ్లు తీపి ఎక్కువ తింటే చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకోవచ్చు.

తినడానికి దారి మూసుకుపోతే మనసు వేరే దారి వెతుక్కోవచ్చు. చేపల చెరువుల మీద, ఆక్వా వ్యాపారంలో రాత్రుళ్లు గడిపే మగవాళ్లకు ఈ మాట ముఖ్యంగా చెబుతున్నాను. బైపాస్ తర్వాత మందు రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది, తక్కువ తాగినా ఎక్కువ పట్టేస్తుంది. అమెరికాలో దాదాపు రెండు వేలమందిని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, బైపాస్ అయిన రెండో ఏడాదికి తాగుడు సమస్య ముందున్నదానికన్నా పెరిగింది. తాగే అలవాటుంటే సర్జన్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పుడప్పుడూ అని నవ్వి ఊరుకోకండి.

ఇక పెళ్లి. నా గుబులంతా ఇక్కడే.

ఆపరేషన్ సంగతి అవతలివాళ్లకు చెప్పకుండా పెళ్లి చేద్దామనుకునే ఇళ్లుంటాయి. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది అంటారని భయం. ఆ భయం అర్థమవుతుంది. కానీ దాచాక ఏమవుతుందో ఊహించండి. కొత్తకోడలు అత్తారింట్లో విస్తరి ముందు కూర్చుంటుంది. నాలుగు ముద్దలకే నిండిపోతుంది. ఆడపడుచు మొహమాటపడకు వదినా అని ఇంకో గరిటె వేస్తుంది. అన్నంతోపాటు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. పొలమారితే తాగక తప్పదు. బలవంతాన మింగింది వాంతి అవుతుంది. ఇల్లంతా సంబరపడిపోయి, విశేషమేనా అని అడుగుతుంది.

విశేషమే అయితే ఇంకా ప్రమాదం. ఆపరేషన్ తర్వాత కనీసం 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోమని వైద్యులు చెబుతారు. ఒళ్లు వేగంగా కరుగుతున్న ఆ రోజుల్లో తల్లికే ఐరన్, బి12, ఫోలిక్ ఆసిడ్ చాలవు, బిడ్డకెక్కడివి? పైగా బరువు తగ్గేకొద్దీ నెలసరి సక్రమమై గర్భం త్వరగా నిలుస్తుంది. బైపాస్ అయినవాళ్లకు గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటపట్టకపోవచ్చు, వేరే పద్ధతి అడగాలి. ఆషాఢంలో ఆపరేషన్, మాఘంలో పెళ్లి, ఏడాది తిరక్కుండా మనవడు అనే వరస ఈ ఒక్క కారణంతోనే చెల్లదు. ఇంకొకటి. ఆపరేషన్ అయిన మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు బాగా రాలుతుంది. చాలామందికి తర్వాత వస్తుంది. కానీ పెళ్లి జడ కోసం మురిసిపోయే పిల్ల దువ్వెన నిండా జుట్టు చూసుకుని ఏడుస్తుంటే, ఇలా జరుగుతుందని ముందే చెప్పినవాళ్లు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

దాపరికం వల్ల వచ్చే మరో గండం ఊరి వైద్యం. తలనొప్పికో ఒళ్లునొప్పులకో మెడికల్ షాపులో డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ కొని వేసుకోవడం మనకు మంచినీళ్లు తాగినంత అలవాటు. బైపాస్ అయినవాళ్లకు అవి లోపల పుండ్లు చేయవచ్చు. వాంతులు ఆగకపోతే ఆర్ఎంపీని పిలిచి గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తాం. బి1 విటమిన్ అడుగంటిన ఒంట్లోకి ముందు గ్లూకోజ్ వెళ్తే మెదడు దెబ్బతినవచ్చు. రెండేసిగా కనబడటం, నడక తూలడం, అయోమయపడటం దానికి గుర్తులు. ఈ బి1 కరువు మన నేలకు కొత్త కాదు. బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినే సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి పీడించింది. మెక్‌కారిసన్, నోరిస్ అనే పరిశోధకులు 1924లో మన బియ్యానికీ ఆ జబ్బుకూ ఉన్న సంబంధం మీద పుస్తకమంత నివేదిక వెలువరించారు. తాతల కాలంలో దంపుడు బియ్యం మానేసి తెచ్చుకున్న లోటును, ఇప్పుడు వాంతులతో తెచ్చుకోకండి. ఆపరేషన్ అయిన మనిషికి సెలైన్ పెట్టే ముందు ఆ సంగతి చెప్పి, బి1 ఇచ్చారా అని అడగండి. ఆ సంగతి భర్తకు, అత్తగారికి తెలియకపోతే అడిగేదెవరు?

పెళ్లయినవాళ్లకూ ఒక మాట. స్వీడన్‌లో రెండు పెద్ద బృందాలను ఏళ్ల తరబడి గమనించి 2018లో వెలువరించిన అధ్యయనంలో, ఈ ఆపరేషన్ తర్వాత ఒంటరివాళ్లలో పెళ్లిళ్లు, కొత్త బంధాలు పెరిగాయి. అప్పటికే జంటగా ఉన్నవాళ్లలో విడిపోవడం కూడా పెరిగింది. స్వీడన్ వేరు, మనం వేరు. మన దగ్గర విడాకుల దాకా పోకపోవచ్చు. ఒకే కప్పు కింద అనుమానంగా, మూతిముడుపుగా మిగిలిపోవచ్చు. భార్య సన్నబడి కొత్త చీర కడితే ఎవరి కోసం అని అడిగే మగవాడుంటాడు. ఆయన పదేళ్లుగా లావని వెక్కిరించినవాడే అయ్యుంటాడు కూడా! అయ్యా, ఆమె ఆపరేషన్‌కు మీరు సంతకం పెట్టే ముందు ఆమెతో ఓ సాయంత్రం కూర్చోండి. ఆమెకేం భయమో అడగండి. మీ భయమూ చెప్పండి. బల్ల మీదే పోతానేమోనని, పిల్లలేమైపోతారోనని నిద్రపట్టని రాత్రులు ఆమెకు ఉండే ఉంటాయి.

లైపోసక్షన్‌నూ ఈ బరువు తగ్గే ఆపరేషన్‌నూ ఒకటే అనుకోవద్దు. అది చర్మం కింద కొవ్వు పీల్చేది, స్థూలకాయానికి మందు కాదు. అయినా శరీరానికి దెబ్బే. ‘నువ్వు నాకు నచ్చావ్’ సినిమాతో మన ఇళ్లలో అమ్మాయిలా కలిసిపోయిన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయారు. వయసు 31. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారనీ, ఊపిరి సరిగా ఆడక బాధపడ్డారనీ అప్పట్లో ఆమె మేనేజరు పత్రికలకు చెప్పారు. ఆమె ఒంటి మీద సాగిన వ్యాఖ్యానాలు నాకింకా గుర్తే. అదే ఏడాది నవంబరులో లావుపాటి అమ్మాయి పెళ్లి బెంగ మీద ‘సైజ్ జీరో’ సినిమా వచ్చింది. సినిమా చూసి నవ్వుకున్నాం, మాటలు మాత్రం మానలేదు.

ఆ మాటలు విని విని మనసు చితికిన పిల్ల ఆపరేషన్ తర్వాత అన్నీ మారిపోతాయనుకుంటుంది. బరువు తగ్గుతుంది. చర్మం వేలాడుతుంది. సంబంధం అప్పుడూ తప్పిపోవచ్చు, ఈసారి కట్నం దగ్గరో జాతకం దగ్గరో. అప్పుడా పిల్ల కుంగిపోతుంది. కెనడాలోని ఒంటారియోలో 8,800 మందికి పైగా రోగుల మీద 2016లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆపరేషన్ తర్వాతి మూడేళ్లలో తమకు తాము హాని చేసుకుని అత్యవసర విభాగానికి వచ్చిన ఘటనలు సుమారు ఒకటిన్నర రెట్లయ్యాయి. వాళ్లలో ఎక్కువమందికి ముందు నుంచే మానసిక సమస్య ఉంది. అందుకే డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే దాచకండి, సొంతంగా ఆపకండి. ఆపరేషన్ తర్వాత వాటి మోతాదు మార్చాల్సి రావచ్చు.

మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే పిచ్చి ముద్ర వేస్తున్నారనుకోకండి. పంపని చోటే అనుమానించండి. మొదటి రోజే తేదీ ఇచ్చి, ఆఫర్ అంటూ అడ్వాన్సు కట్టించుకుని, తిండి గురించి, తాగుడు గురించి, ఇంట్లో గొడవల గురించి ఒక్క ప్రశ్నా అడగని చోట సంతకం పెట్టకండి. డాక్టరుతో పిల్లని కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి, తల్లి బయట కూర్చోవాలి. పెళ్లి అనేదే లేకపోయినా ఈ ఆపరేషన్ చేయించుకుంటావా అని ఆ గదిలో అడగాలి. తడబడితే తేదీ వాయిదా వేయండి. మనసు బాగోలేనప్పుడు 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

దూరం కూడా లెక్కలో పెట్టుకోండి. బందరు నుంచి బెజవాడ సుమారు 70 కిలోమీటర్లు. నాగాయలంక, కోడూరు వాళ్లకు వానాకాలం రాత్రి ఆ దారి ఇంకా పెద్దది. ఇంటికొచ్చిన మొదటి వారాల్లో జ్వరం, ఆగని గుండెదడ, పెరిగే కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, ఆయాసం, పిక్కలో వాపు కనబడితే తెల్లారేదాకా చూద్దామనుకోకండి. గ్యాస్ అనుకుని సోడా తాగించకండి. బండి కట్టించుకుని ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి.

వచ్చే వారమే తేదీ ఉన్నవాళ్లు ఈ వ్యాసం చదువుతూ ఉండవచ్చు. రాత్రి తిండి, వేసుకునే మాత్ర, తాగే అలవాటు, పెళ్లి బెంగ, వీటిలో సర్జన్‌కు చెప్పనిది ఒక్కటున్నా ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. తేదీ మార్చమంటే మార్చుకోండి. అడ్వాన్సు పోతే పోనివ్వండి.