పాత రంగు తీసేందుకు తొందరెందుకు?

రేవులో పడవలు బాగుచేయడం చూశారా? లంగరుకూ, గొలుసులకూ ఉన్న పాత రంగును కొందరు మంటతో కాలుస్తారు. కొందరు పొడిగానే గీకుతారు. పని త్వరగా అవుతుందంటారు. ఈ తొందర తగదని నా అభిప్రాయం.

ఇనుము తుప్పు పట్టకుండా పూర్వం అడుగుపూతగా ఎర్ర సీసం వాడేవారు. గీకితే ఆ సీసం ధూళిగా, బాగా కాలిస్తే పొగగా మారి, ఊపిరితో ఒంట్లో చేరుతుంది. పిల్లల మెదడుకు మరీ హాని. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 10 లక్షల పాళ్లకు 90 మించరాదన్న నిబంధన 2017 నుండి అమలులో ఉంది. పడవల మీది పాత పూతకు అది వర్తించదు కదా!

మరి ఉపాయం? తడిపి, పెయింటర్ల వాటర్ పేపరుతో రుద్దితే ధూళి లేవదు. రాలిన రంగును నీటిలో కలవనీయక, గుడ్డతో ఎత్తి మూటగట్టాలి. మీరు దూరంగా ఉండి, పెద్దలకు ఈ మాట చెప్పండి.