సౌండ్ తీసేసి చూడండి

 

ఆదివారం రాత్రి టీవీలో నేరాల ప్రోగ్రాం చూసాక మన హాస్టల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. బాత్‌రూంకి ఒక్కరు పోరు, నలుగురు కలిసి పోతారు. ఐదో తరగతి పిల్లలు తల మీదికి దుప్పటి లాక్కుని పడుకుంటారు. ఎందుకే అంత భయం అంటే "నిజంగా జరిగింది చూసాం కదక్కా" అంటారు. మనం జరిగింది చూడలేదని నా అభిప్రాయం. జరిగినదాని మీద ఎవరో వేసిన రంగు, పెట్టిన చప్పుడు చూసాం. దాని గురించే ఈ వ్యాసం.

పోయిన నెల వర్షాలకి మన టీవీ స్పీకరు చెడిపోయింది. బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. ఆ ఆదివారం కూడా అదే ప్రోగ్రాం పెట్టారు. ఒకాయన తలుపు తోసుకుని స్లో మోషన్‌లో లోపలికి పోతున్నాడు. ఎవరికీ భయం వేయలేదు. "పాపం కాళ్ల నొప్పులేమో" అని ఎనిమిదో తరగతి అమ్మాయి అంటే అందరం పడి పడి నవ్వాం. మనిషి అదే, తలుపు అదే. మరి ముందు వారాల్లో మనల్ని భయపెట్టింది ఏది? వెనకనుంచి సన్నగా గుయ్యిమనే చప్పుడు. అది మెల్లగా మొదలై, పెరిగి పెరిగి, టక్కున ఆగుతుంది. ఆగినచోటే మన గుండె జారుతుంది.

ఆ రోజు నుంచి నేను చూసినవి నోట్‌బుక్ వెనక రాసుకుంటున్నాను. లైటు నీలంగా పెడతారు. మొహం సగం చీకట్లో ఉంచుతారు. కెమెరా ఊగుతుంది. ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసి చుట్టూ ఎర్ర గీత గీస్తారు. ఎంత మంచివాడైనా అట్లా చేస్తే దొంగలాగే కనపడతాడు. మన గ్రూప్ ఫొటో జిరాక్సులో నా మొహం చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసి చూసుకున్నాను. నాకే నా మీద అనుమానం వచ్చింది.

ఇంకొకటి. నటులతో తీసిన సీను వచ్చినప్పుడు తెర మూలన చిన్న అక్షరాలతో ఇది నటించి తీసినదని వేస్తారు. మా అమ్మకి చదువు రాదు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మ ఆ సీను చూసి, "పొడిచేటప్పుడు ఫొటో తీసినవాడు ఆపొచ్చు కదే" అంది. నేను ఆ అక్షరాలు చదివి చెప్పేదాకా అదంతా నిజం అనుకుంది. చప్పుడు అందరికీ వినపడుతుంది. అక్షరాలు మాత్రం చదువు వచ్చినవాళ్లకే.

ఇట్లాంటివి అసలు తీయకూడదు అని నేను అనటం లేదు. మన సోషల్ సారు కంప్యూటర్ రూములో "ది థిన్ బ్లూ లైన్" అనే డాక్యుమెంటరీ చూపించి, ఆపి ఆపి తెలుగులో చెప్పారు. అమెరికాలో ఎరల్ మోరిస్ అనే ఆయన తీశారు, 1988లో వచ్చింది. టెక్సస్ రాష్ట్రం డల్లాస్‌లో 1976 నవంబరులో ఒక రాత్రి, రోడ్డు మీద కారు ఆపిన పోలీసు ఆఫీసరుని కాల్చి చంపారు. ఆ కేసులో రాండల్ ఆడమ్స్ అనే ఆయనకి 1977లో మరణశిక్ష పడింది. 1980లో సుప్రీం కోర్టు ఆ శిక్షని కొట్టేసాక అది యావజ్జీవం అయింది. నేను చంపలేదనే ఆడమ్స్ చెప్పుకుంటూ వచ్చారు.

ఈ సినిమాలోనూ చీకటి ఉంది, స్లో మోషన్ ఉంది, నటులు ఉన్నారు. ఫిలిప్ గ్లాస్ గారి సంగీతం తిరగలి తిప్పినట్టు మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. తేడా ఎక్కడంటే, ఒకే హత్యని చాలాసార్లు చూపిస్తారు. ఒక సాక్షి చెప్పినట్టు ఒకసారి, ఇంకొకరు చెప్పినట్టు ఇంకోసారి. ఆఫీసరు వెంట ఉన్న పోలీసమ్మ కారు దిగిందా, లోపలే కూర్చుందా? ఆమె మిల్క్‌షేక్ గ్లాసు గాల్లో మెల్లగా ఎగిరి కింద పడుతుంది. ఎవరి మాట నమ్మాలో తెలియక నాకు మొదట చిరాకు వేసింది. "నీకు అనుమానం రావాలనే ఆయన అట్లా తీశాడు" అన్నారు సారు.

చివర్లో డేవిడ్ హారిస్ మాట్లాడతాడు. హత్య జరిగినప్పుడు అతనికి 16 ఏళ్లు. ఆడమ్సే కాల్చాడని కోర్టులో సాక్ష్యం చెప్పింది అతనే. ఆ రోజు కెమెరా పాడైపోయి టేప్ రికార్డర్‌లో మాత్రమే మాటలు తీసుకున్నారట. అందుకని తెర మీద టేప్ రికార్డర్ ఒక్కటే కనపడుతుంది. ఆడమ్స్ ఆ తప్పు చేయలేదని తనకి తెలుసన్నట్టు చెప్తాడు. రక్తం లేదు, మొహం లేదు, చిన్న మిషను. అయినా రూములో ఎవ్వరం కదలలేదు. ఆడమ్స్ 12 ఏళ్లకు పైగా జైల్లో ఉండి 1989లో బయటికి వచ్చారు.

అక్కడ అందరూ ఇట్లాగే తీస్తారని కాదు. 2015లో వచ్చిన "ది జింక్స్" సీరియల్లో రాబర్ట్ డర్స్ట్ అనే ఆయన ఒంటి మీద మైకు ఉన్న సంగతి మరచి బాత్‌రూంలో తనలో తను మాట్లాడుకుంటాడు. ఏం చేశానని ప్రశ్న, వెంటనే అందరినీ చంపానని జవాబు వినిపిస్తాయి. ఆ మాటల వరుస మార్చి అతికించారని 2019లో కోర్టు కాగితాల వల్ల బయటపడింది. జవాబులాంటి మాటే ముందు అన్నాడు, ప్రశ్న తర్వాత, మధ్యలో వేరే మాటలు ఉన్నాయి. 2021లో కోర్టు అతన్ని ఒక హత్యలో దోషి అనే తేల్చింది. అయినా వరుస మార్చడం తప్పే. నేరం చేసినవాడి మాటలైనా అతను అన్నట్టే వినిపించాలి.

ఇప్పుడు మన సంగతి. స్పీకరు చెడిపోకముందు ఒక వారం మన ఏజెన్సీలో ఒక ఊరి కేసు గురించి ప్రోగ్రాం వచ్చింది. చీకటి అడవి, గుడ్లగూబ, వెనక డోలు చప్పుడు. డోలు మనకి భయమా? పెళ్లికి, భూమి పండగకి కొట్టేది డోలు. ఎండాకాలం మొదట్లో కోడి కూయకముందే నాయనమ్మతో ఇప్పపువ్వు ఏరడానికి నేను అడవికి పోతాను. గుడ్లగూబ అరుస్తూనే ఉంటుంది. పశువులు తినకముందే పువ్వు ఏరాలన్న తొందర తప్ప మాకు భయం ఉండదు. మన అడవిలో మనమే నడుస్తూ, టీవీలో అదే అడవిని చూసి వణికాం.

ఆ ఊరి అమ్మాయి మన హాస్టల్లోనే ఉంది. పేరు, తరగతి రాయను. ఆమెని అడిగే ఇది రాస్తున్నాను. పోలీసులు పట్టుకుపోయినాయన ఆమెకి చిన్నాన్న. ప్రోగ్రాం వచ్చిన మర్నాడు టిఫిన్ దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయాలి. ఆ కేసు ఇంకా కోర్టులోనే ఉంది. జడ్జి గారు ఏదీ తేల్చలేదు. ఆయన వేషం వేసిన నటుడిని నీలం లైటులో చూసి మనమే తేల్చేసాం.

కాబట్టి నా మనవి మూడు. ఒకటి, భయం వేసినప్పుడు కాసేపు సౌండ్ తీసేసి చూడండి. తర్వాత మిగిలింది ఏమిటో చూసుకోండి. రెండు, మూలన ఉన్న చిన్న అక్షరాలు చిన్నపిల్లలకి, ఇంటి దగ్గర అమ్మానాన్నలకి గట్టిగా చదివి చెప్పండి. మూడు, వార్డెన్ మేడం గారు ఇది చదివి టీవీ ఆపేయవద్దు. ప్రోగ్రాం అయ్యాక పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. ఏది సాక్షి చెప్పింది, ఏది నటుడు చేసింది, ఏది మ్యూజిక్ చెప్పింది అని మేమే విడదీసుకుంటాం.

నేను ఇప్పుడు టిఫిన్ దగ్గర ఆ అమ్మాయి పక్కనే కూర్చుంటున్నాను. ఇంకో పక్క చోటు ఖాళీగానే ఉంది. రండి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని