ఫ్రేములో మన వాటా ఎంత?

కెమెరా ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తుందంటారు. ఇంతకంటే పెద్ద అబద్ధం లేదు. కెమెరాను ఎంత దూరంలో, ఎంత ఎత్తులో పెట్టాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఎవరు మనిషి, ఎవరు వస్తువు, ఎవరు గుంపు అన్నది ఆ నిర్ణయంలోనే తేలిపోతుంది.

మా రాయలసీమనే తీసుకోండి. ‘సమరసింహారెడ్డి’ (1999) నుంచి ‘ఇంద్ర’, ‘ఆది’ (2002) దాకా వరసకట్టిన ఫ్యాక్షన్ సినిమాల్లో షాట్ల పంపకం ఎలా జరిగింది? కథానాయకుడికి లో యాంగిల్. కెమెరా నేలమీద చతికిలబడి అతన్ని కొండంత చేస్తుంది. వేటకొడవలికీ, తొడచరిచే చేతికీ క్లోజప్. మొగుళ్లనూ కొడుకులనూ పోగొట్టుకున్న ఆడవాళ్లకు లాంగ్‌షాట్. ఏడ్చే గుంపుగా కాసేపు కనబడి మాయమవుతారు. హీరోయిన్‌కు పాటల్లో క్లోజప్‌లు బాగానే దక్కుతాయి, కానీ అవి నడుముకీ వీపుకీ. ఆమె ముఖంలో ఒక ఆలోచన పూర్తయ్యేదాకా కెమెరా ఆగదు.

సినిమా చూపు మగచూపేనని, స్త్రీని చూడదగ్గ వస్తువుగా నిలబెడుతుందని లారా మల్వీ 1975లోనే రాసింది. మన దగ్గర ఆ చూపుకు కూడా నోచుకోని స్త్రీ మరొకామె ఉంది. వయసు మళ్లినది, ఎండకు నల్లబడినది, పనిచేసేది.

మహానంది కోనేరు దగ్గర కెమెరా పెట్టారనుకుందాం. లాంగ్‌షాట్ తీస్తే గోపురం, వెనక నల్లమల, నీళ్లలో చుక్కల్లా ఆడవాళ్లు. అందమైన పోస్ట్‌కార్డు. క్లోజప్ తీస్తే తడిచీర అంటుకున్న వీపు. ఈ రెండూ మనకు బాగా అలవాటు. కూర్చున్న మనిషి కళ్లకు సమానంగా కెమెరాను దించి మిడ్‌షాట్ తీస్తే? చీర చెంగు పిండుకుంటూ, బిడ్డ తల తుడుస్తూ, పక్కనున్న వదినతో ఏదో చెప్పి నవ్వుతున్న ఒక మనిషి కనిపిస్తుంది. చేతులూ ముఖమూ ఒకే ఫ్రేములో ఉంటాయి కనక పనీ ఆలోచనా విడిపోవు. చుట్టూ ఉన్న అరటితోటల్లో కూలికి పోయే ఆడవాళ్లకూ మన సినిమా బాకీపడింది ఈ ఫ్రేమే.

‘అవన్నీ ఎవరు చూస్తారండీ?’ అని అడుగుతారు. బెల్జియం దర్శకురాలు శాంతల్ అకర్‌మన్ 1975లో ‘జాన్ దీల్‌మాన్’ తీసింది. ఒక గృహిణి బంగాళాదుంపల తొక్క తీయడం, వండటం, గిన్నెలు కడగటం మూడు గంటలకు పైగా చూపించింది. కెమెరాను తన ఎత్తులోనే కదలకుండా నిలిపింది. ఆ స్త్రీని ముక్కలు చేసే క్లోజప్‌లు లేవు. 2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓటింగులో ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమాగా నిలిచింది అదే.

మాటలు మార్చినంత మాత్రాన సరిపోదు. ‘అరవింద సమేత వీర రాఘవ’ (2018) పగలు చాలించమంది, ఆడవాళ్ల చేత గట్టిగానే మాట్లాడించింది. కానీ ఆ మాటల దాకా చేరకముందే మొదటి పోరాటంలో కెమెరా హీరో కండలకు మొక్కేసింది. నీతి సంభాషణల్లో ఉండిపోయింది, ఫ్రేము మాత్రం పాతదే.

మనం సమీక్షలు రాసేటప్పుడు కథనూ పాత్రలనూ చీల్చి చెండాడతాం, కెమెరాను మాత్రం సాంకేతిక విషయమని వదిలేస్తాం. అది సాంకేతికం కాదు, పంపకం. ఆస్తిలో వాటా అడిగినట్టే ఫ్రేములోనూ అడగాలి. ఇకమీదట ఏ సినిమా గురించి రాసినా, కెమెరా ఎవరి కళ్ల ఎత్తులో నిలబడిందో ముందు రాద్దాం.