ఎదురు బండి

బెజవాడ బీఆర్‌టీఎస్ రోడ్డులో బస్సులకని వేరుచేసిన దారి బస్సులకి దక్కలేదు. లండన్‌లో బస్సు లైనులోకి కారు దూరితే కెమెరా పట్టేసి జరిమానా ఇంటికి పంపుతుంది. టెక్సస్‌లో ఎర్రలైట్లు వెలిగించి ఆగిన స్కూలు బస్సుని దాటితే తక్కువలో తక్కువ 500 డాలర్లు; అందుకే డల్లాస్‌లోని మన నందిగామ కుర్రాడు వెనక బుద్ధిగా ఆగుతాడు. సెలవులకొచ్చి, యూటర్న్ దాకా పోవడానికి బద్ధకించి, 65వ నంబరు జాతీయ రహదారి మీద ఎదురు తోలేదీ అతనే! లోపం రక్తంలో లేదన్నమాట. చట్టమా, మనకీ ఉంది: 2019 సవరణ ప్రకారం ఎదురు నడిపితే తొలిసారికే 1,000 నుంచి 5,000 రూపాయలు, జైలు కూడా పడొచ్చు. హెల్మెట్ల కోసం కాపుకాసే పోలీసులు నందిగామ, జగ్గయ్యపేట కూడళ్లలో ముందు ఈ ఎదురు బండ్లని ఆపాలి.