గేరు సైకిలు: కిందటేడు రాసినదానికి సవరణ

కిందటేడు ఇదే సంచికలో కొండలెక్కే గేరు సైకిలు గురించి ఒకటిన్నర పేజీ రాశాను. చదివినవాళ్లకు గుర్తుంటే సరే, చదవనివాళ్లకు నష్టమేమీ లేదు. అందులో గట్టిగా చెప్పినవి నాలుగు మాటలు. ముందు షాకబ్జార్బరు లేనిది సైకిలే కాదన్నాను. ఇరవైయొక్క గేర్లుంటే ఎక్కలేని కొండ ఉండదన్నాను. డిస్కు బ్రేకు పట్టినవాడు మళ్లీ రబ్బరు బ్రేకు ముట్టడన్నాను. లావు టైర్లు చూడ్డానికే గాని తారురోడ్డు మీద దండగన్నాను. అది రాసేనాటికి నా సైకిలు వయసు నలభై రోజులు. ఆ సంగతి మాత్రం రాయలేదు.

ఇప్పుడు దానికి ఏడాదిన్నర కావస్తోంది. రెండు వానాకాలాలు చూసింది. విశాఖ ఉప్పుగాలీ తిన్నది, మా చోడవరం వైపు చెరుకు తోటల బురదా తిన్నది. ఆ నాలుగు మాటల్లో మూడు తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నాలుగోదాన్ని మధ్యలో ఒకసారి తప్పనుకుని, మళ్లీ మనసు మార్చుకున్నాను.

ఎవరు అడిగారని ఇదంతా, ఊరుకోవచ్చు కదా అంటారేమో. ఊరుకునేవాడినే. కాని అప్పట్లో మొదటి సంవత్సరంలో ఉన్న తమ్ముడొకడు (పేరెందుకు లెండి) నా వ్యాసం చదివి, దసరా సెలవుల్లో వాళ్ల నాన్నచేత అదే మాడలు కొనిపించుకున్నాడు. వాళ్లదీ మాలాగే చెరుకు సేద్యం. అనకాపల్లి మార్కెట్టుకు బెల్లం దిమ్మలు తోలి తెచ్చిన డబ్బులోంచి పదహారు వేలు పెట్టారు. ఈ ఆగస్టులో వాడు నా రూముకొచ్చి, "అన్నా, ముందు షాకులు బిగుసుకుపోయాయి. షాపులో మొత్తం మార్చాలంటన్నారు. నువ్వు రాస్తేనే కదా కొన్నాను, ఏం చెయ్యమంటావు?" అన్నాడు. నిష్ఠూరంగా అన్నా బాగుండేది. నిజంగానే సలహా అడుగుతున్నాడు.

కాబట్టి షాకుల సంగతే ముందు. మా ధరల్లో దొరికే సైకిళ్లకు ముందు ఫోర్కులో ఉండేది ఉత్త స్ప్రింగు. దాని ఊపును అణిచే నూనె ఏర్పాటేమీ ఉండదు. ప్రాక్టికల్సులో స్ప్రింగుకు బరువు కట్టి, అది ఊగుతుంటే లెక్కపెట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేనూ. అయినా సైకిలు దగ్గరకొచ్చేసరికి ఆ పాఠం గుర్తు రాలేదు. కొత్తలో గుంటలో పడ్డప్పుడల్లా మెత్తగా దిగి లేస్తుంటే మోటారు సైకిలెక్కినంత దర్జాగా ఉండేది. అడివివరం నుంచి సింహాచలం ఘాటు ఎక్కడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలిసింది. లేచి నిలబడి తొక్కితే తొక్కిన ప్రతిసారీ ముందు భాగం కిందికి కూరుకుపోతుంది. నా కాలి బలంలో కొంత స్ప్రింగు నొక్కడానికే సరిపోతోంది. పైగా మామూలు ఫోర్కు కన్నా బరువు. ఏడాది తిరిగేసరికి ఉప్పుగాలికి లోపలి గొట్టాల మీద తుప్పు పట్టి, అది దిగడమూ మానింది. ఇప్పుడు నా దగ్గరున్నది ఏమిటయ్యా అంటే ఒక బరువైన మామూలు ఫోర్కు. గాలితో, నూనెతో పనిచేసే మంచి ఫోర్కులున్నాయి, వాటి మీద నాకేమీ కోపం లేదు. వాటి ఒక్కొక్కటి ధరకు మా సైకిలే వస్తుంది.

ఈ కోపంలోనే అసలు ఈ రకం సైకిలు ఎక్కడ పుట్టిందా అని చదివాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో, 1970లలో, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ లాంటి కుర్రాళ్లు పాత కాలపు లావు టైర్ల ష్విన్ సైకిళ్లు కొని, కొండ మీది మట్టి దారుల్లో కిందికి పందేలు వేసుకునేవారు. 1976లో మొదలైన ఆ పందెం పేరు రీప్యాక్. రెండు మైళ్ల లోపే 1,300 అడుగుల దిగుడు. కిందికి చేరేసరికి వెనక చక్రం హబ్బులోని బ్రేకు వేడెక్కి గ్రీజంతా పొగై పోయేదట. మళ్లీ గ్రీజు కూరాలి, అందుకే ఆ పేరు. ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారైన మొదటి మౌంటెన్ సైకిలు స్పెషలైజ్డ్ వారి స్టంప్‌జంపర్ 1981లో వచ్చింది. దానికీ షాకులు లేవు. రాక్‌షాక్స్ వారి షాకుల ఫోర్కు మార్కెట్టులోకి వచ్చింది 1989లో. అంటే ఈ సైకిలును ఈ సైకిలుగా చేసింది నేను పొగిడిన షాకులు కాదు, వెక్కిరించిన లావు టైర్లు.

టైర్లని మొదట వెక్కిరించింది నిజానికి మా నాన్న. సైకిలు ఇంటికి తెచ్చిన రోజున చుట్టూ తిరిగి చూసి, "ఏటిరా ఇది, సైకిలుకి ట్రాక్టరు టైర్లెట్టినారు" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే గాలి బండరాయిలా కొట్టించి, తారురోడ్డు మీద వేగం చాలట్లేదని రాశాను. టైరు అంచు మీద అచ్చువేసిన అంకె గరిష్ఠం. అంతా కొట్టి తీరాలని కాదు. అరవై పౌండ్ల నుంచి దించుకుంటూ వచ్చి ముప్పయ్యయిదు దగ్గర ఆగాను. గులకరాళ్ల దారిలో చేతుల తిమ్మిరి పోయింది. షాకులు చేస్తాయనుకున్న పనిలో చాలా భాగం ఆ గాలే చేస్తోంది, తుప్పు పట్టకుండా. మరీ తగ్గించి ఇరవైకి దించితే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పక్కపక్కనే పడ్డాయి. అదొక పాఠం.

గేర్ల లెక్క సెలవుల్లో వాకిట్లో కూర్చుని వేశాను. ముందు చక్రాలు మూడు: 42, 34, 24 పళ్లు. వెనక ఏడు, 14 నుంచి 28 దాకా. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే, పెడలు ఒక చుట్టుకు చక్రం ఎన్ని చుట్లో వస్తుంది. 42కి 28 వేసినా ఒకటిన్నరే, 24కి 16 వేసినా ఒకటిన్నరే. 42కి 24, 34కి 20, 24కి 14, మూడూ 1.7 దగ్గరే. ఇలా కలిసిపోయేవి కలిపేస్తే ఇరవైయొక్కటిలో కాలికి తేడా తెలిసేవి పద్నాలుగు. అందులోనూ చైను ఏటవాలుగా లాగి అరిగిపోయే జతలు వాడకూడదు. నేను రోజూ వాడేవి లెక్కపెడితే అయిదు. మా నాన్న సైకిలుకు ముందు 44, వెనక 18, ఒకే ఒక్క గేరు. దాని మీద ఆయన చెరుకు మోపు కూడా తెస్తాడు. అలాగని గేర్లు వద్దనను. సింహాచలం ఘాటు ఆ సైకిలు మీద ఎక్కమంటే నేను దిగి నడిపించుకుంటాను. ఇరవైయొక్కటి అనేది అమ్మే అంకె అని మాత్రం అంటాను.

డిస్కు బ్రేకు సంగతి వేరు. ఆరో నెలలో అది పంది అరిచినట్టు అరవడం మొదలెట్టింది, పట్టు పోయింది. హాస్టలంతా నన్ను ఆ చప్పుడుతోనే గుర్తుపట్టేవారు. ఎందుకు పొగిడానురా అని తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. చైనుకు నూనె పిచికారీ కొడుతూ డిస్కు మీద కూడా కొట్టాను. ప్యాడ్లు మార్చి, రేకును సబ్బునీళ్లతో కడిగాక అరుపు ఆగింది. ఈ సెప్టెంబరులో వాన కురుస్తుండగా ఘాటు దిగాం. నా వెనకున్న స్నేహితుడి రబ్బరు బ్రేకులు తడిసిన రిమ్ము మీద జారిపోయి, వాడు కాలు నేలకీడ్చి ఆపుకున్నాడు. నాది నిలిచింది. కాబట్టి ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోను. నూనె సంగతి కూడా రాయవలసింది, అంతే.

ఇక తమ్ముడి సైకిలు. డిస్కు బిగించే చెవులున్న మామూలు ఇనుప ఫోర్కు కోసం విశాఖలో తిరిగితే మూడు వారాలకు దొరికింది. ఖర్చులో సగం నేను పెట్టాను, వాడు వద్దన్నా. షాకుల ఫోర్కు కన్నా ఇది పొట్టి గనక సైకిలు ముందు భాగం కాస్త దిగింది, హ్యాండిలు తొందరగా తిరుగుతోంది. టైర్లలో గాలి తగ్గించి పంపాను. వారం తర్వాత మెస్సులో కనబడితే ఎలా ఉందిరా అని అడిగాను.

"ఇప్పుడే చెప్పనన్నా. సంక్రాంతి దాటాక అడుగు" అన్నాడు.