నువ్విక్కడే కూర్చో

సెలవుల్లో మ్యూజియానికి వెళ్లినప్పుడు మన ఇళ్లలో ఎవరో ఒకరికి ఈ మాట చెప్పే ఉంటాం: "నువ్విక్కడే కూర్చో అమ్మమ్మా, గబగబా చూసొచ్చేస్తాం." ఆమె పక్కన మన సంచులు, నీళ్ల సీసాలు పెట్టి మెట్లెక్కాం. పెద్దావిడను ఇబ్బంది పెట్టడం ఎందుకనే అనుకున్నాం. అందులో ప్రేమ లేదని అనలేను. కానీ ఆ ప్రేమ మెట్లను ఒక్క మాట అనలేదు, మోకాళ్లనే తప్పుపట్టింది.

చక్రాల కుర్చీలో వచ్చినవాణ్ణి నలుగురం కలిసి ఎత్తుకెళ్లాం. సాయం చేశామని తృప్తిపడ్డాం. నలుగురి చేతుల్లో ఊగుతూ పోవడం అతనికి ఎలా ఉందో అడగలేదు. అడిగితే ర్యాంపు గురించి ఎవరినో నిలదీయాల్సి వచ్చేది.

చూపులేనివాళ్లను ఇంకా తేలిగ్గా మరిచాం. అమరావతి శిల్పాలు పల్నాటి సున్నపురాతి మీద చెక్కినవి. పద్మం రేకులు, ఏనుగు తొండం, వంగిన నడుములు రాతిలోంచి ఉబికి వస్తాయి. వేళ్లతో తడిమినా తెలిసే కథలవి. ఆ రాళ్ల దగ్గర మనకు కనిపించేది "తాకరాదు" అన్న బోర్డు. అసలు రాయిని కాపాడుకోవాల్సిందే, కాదనను. నకలుకేం అడ్డం? ఢిల్లీ జాతీయ మ్యూజియంలో 2015లోనే 'అనుభవ్' పేరుతో తాకి చూసే నకళ్ల గది తెరిచారు. విని మెచ్చుకున్నాం. మన ఊళ్లో ఏదని అడగలేదు.

నాగార్జునకొండ మ్యూజియం కృష్ణ మధ్య దీవి మీద ఉంది, లాంచీ ఎక్కితే తప్ప చేరలేం. అక్కడ కష్టమేనని ఒప్పుకుంటాను. కానీ ఆ కష్టాన్నే బస్టాండు పక్కనున్న భవనానికీ సాకుగా చెప్పుకున్నాం. డ్యాం నీళ్లలో మునగబోయే లోయలోంచి ప్రాచీన కట్టడాలను విప్పి తెచ్చి, ఆ కొండ మీద మళ్లీ నిలబెట్టినవాళ్లం మనం. అంతటి పని చేసినవాళ్లకు నాలుగు మెట్ల పక్కన ఒక వాలుదారి వేయడం చేతకాలేదంటే ఎవరు నమ్ముతారు? చేతకాక కాదు, తోచక. తోచినవాళ్లం కూడా నోరు విప్పలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2017లో నిబంధనలు వచ్చాయి. ఉన్న ప్రభుత్వ, ప్రజా భవనాలను ఐదేళ్లలో అందరికీ వీలుగా మార్చాలన్నారు. 2022లో ఆ గడువు దాటింది. దాటిందన్న సంగతే మనలో చాలామందికి తెలీదు. 2024లో సుప్రీంకోర్టు ఈ విషయంలో తీర్పు చెప్పింది. ఆ కేసులో దేశంలోని పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రమే. ఇంటి పక్కనే రాసిన ఆ నివేదికను మనలో ఎందరం చదివాం?

"వాళ్లు ఎక్కువగా రారండీ" అంటారు సిబ్బంది. మనమూ తలూపుతాం. రాలేకపోవడం వేరు, రాకపోవడం వేరు అని ఆ క్షణాన గుర్తురాదు. గుర్తొచ్చినా, బయట ఆటో ఎదురుచూస్తోందని వచ్చేస్తాం. వెళ్తూ వెళ్తూ సందర్శకుల పుస్తకంలో సూచనలన్నచోట తాగునీళ్ల గురించి, ఫ్యాన్ల గురించి రాస్తాం. మెట్ల గురించి రాయం.