డిగ్రీ లెక్కన వైను బేరం: పీపా దగ్గరకు వెళ్లి రుచి చూసే వర్తకుడే నయం

స్పెయిన్‌లో వైను టోకు బేరం హెక్టోగ్రేడు లెక్కన సాగుతుంది. అంటే నూరు లీటర్ల సరుకులో ఒక్కొక్క డిగ్రీ ఆల్కహాలుకు ఇంత అని రేటు కడతారు. ఉదాహరణకు హెక్టోగ్రేడు 4 యూరోలు పలికిందనుకుందాం. 12 డిగ్రీల వైను నూరు లీటర్లకు 48 యూరోలు, లీటరుకు 48 సెంట్లు అవుతుంది. ముప్పాతిక లీటరు పట్టే సీసాలోకి వెళ్లే వైను ఖరీదు 36 సెంట్లు. సీసా, బిరడా, చీటీ, అట్టపెట్టె కలిసి లోపలి సరుకు ఖరీదును దాటిపోవడం ఈ వ్యాపారంలో మామూలు సంగతే.

ఈ లెక్కలో రుచికి పద్దు లేదు. కొండవాలున ముదురు తీగ ఇచ్చిన వైనుకూ, మైదానంలో నీరు పెట్టి విరగ కాయించిన వైనుకూ డిగ్రీ ఒకటే అయితే ధర కూడా ఇంచుమించు ఒకటే. ఎరుపుకు, తెలుపుకు రేట్లు వేరు. రంగు దిట్టంగా ఉంటే కాస్త ఎక్కువ పలుకుతుంది. పులిసిన వాసన తెచ్చే ఆమ్లం హద్దు మీరితే కోత పడుతుంది. అంతే తేడా.

ఇటువంటి బజారులో వర్తకుడు స్వయంగా ఊరూరా తిరిగి, పీపాల దగ్గర నిలబడి రుచి చూడడం దండుగ ఖర్చనే మాట దిగుమతి వర్తకుల్లో వినబడుతూ ఉంటుంది. మచ్చు సీసాలు కొరియరులో వస్తాయి. పరీక్ష కాగితం అంతకంటే ముందే చేరుతుంది. పోటీల పతకాలు, విమర్శకుల మార్కులు ఉండనే ఉన్నాయి. విమానం ఛార్జీలు పెట్టుకుని, వారం రోజులు దుకాణం వదిలిపెట్టి పోవడం ఎందుకన్నది వారి ప్రశ్న. ఈ వాదంతో ఏకీభవించడం కష్టం. ఖర్చు మాట నిజమే గాని, ఆదా అయిందనుకున్న ఆ ఖర్చు చివరకు ఎవరి నెత్తిన పడుతున్నదో చూడాలి.

స్పెయిన్‌లో ద్రాక్ష తోటలు 9 లక్షల హెక్టార్లకు పైబడి ఉన్నాయి. విస్తీర్ణంలో ప్రపంచంలో మొదటి స్థానం ఆ దేశానిదే. అందులో దాదాపు సగం మాడ్రిడ్‌కు దక్షిణాన ఉన్న కాస్తియా-లా మంచా ప్రాంతంలోనే ఉంది. అక్కడ వానలు తక్కువ, ఎండలు తీవ్రం, శీతాకాలంలో గడ్డకట్టే చలి. తీగను పందిరి ఎక్కించకుండా నేలబారున పొదలాగా పెంచడం పాత పద్ధతి. అధిక విస్తీర్ణంలో ఉన్న రకం ఐరెన్ అనే తెల్లద్రాక్ష. ఒకప్పుడు ఈ వైనును మనిషి ఎత్తును మించిన మట్టి బానల్లో పులియబెట్టేవారు. ఇప్పుడు వాటి స్థానంలో స్టీలు ట్యాంకులు వచ్చాయి.

రైతుల్లో ఎక్కువమంది సహకార సంఘాల్లో సభ్యులు. కోతల కాలంలో ట్రాక్టరు తొట్టి కాటా ఎక్కుతుంది. ఒక గొట్టం పండ్ల మధ్యకు దిగి రసం తీసి చక్కెర చూస్తుంది. కిలోలను డిగ్రీలతో హెచ్చవేసి రైతు పద్దులో రాస్తారు. సంఘంలో చేరని రైతుకు పెద్ద కొనుగోలుదార్లు పెట్టే ధరల పట్టికే గతి. తాబ్లియా అని పిలిచే ఆ పట్టిక గోడకెక్కే నాటికి పండు తీగ మీద పక్వానికి వచ్చి ఉంటుంది. నాలుగు రోజులు ఆగి చూద్దామంటే పండు ఆగదు. ఈ పట్టికల మీద రైతు సంఘాలు ఆందోళనకు దిగడం తరచు జరుగుతున్నదే. ఆహార సరుకుల కొనుగోలుపై 2013లో స్పెయిన్ ఒక చట్టం చేసింది. ఉత్పత్తి ఖర్చుకు తగ్గకుండా ధర చెల్లించాలని 2021లో దాన్ని సవరించి గట్టిపరిచింది. చట్టం మంచిదే. అయితే ఒక్కొక్క తోట ఖర్చు ఎంతో ఎవరు లెక్క కట్టాలనే చోట తగాదా మిగిలే ఉంది.

ఇక లూజు సరుకు సంగతి. 20 అడుగుల కంటెయినరులో పెద్ద ప్లాస్టిక్ సంచి పరచి 24 వేల లీటర్ల వైను నింపవచ్చు. అది 32 వేల సీసాలకు సరిపోతుంది. అదే కంటెయినరులో సీసాలు పేర్చితే అందులో సగం కూడా పట్టవు. కనుక దూరదేశపు కొనుగోలుదారుకు లూజు సరుకే లాభం. పొరుగుదేశాలకైతే ట్యాంకరు లారీలు చాలు. స్పెయిన్ ఎగుమతి చేసే వైనులో పరిమాణం రీత్యా సగానికి పైగా ఇలా లూజుగా పోయేదే. విలువ రీత్యా దాని వాటా నాలుగో వంతుకు కూడా రాదు. ఫ్రాన్సు, ఇటలీ, జర్మనీ పెద్ద కొనుగోలుదార్లు. అక్కడ మిశ్రమంలో కలిసి, సీసా వెనుక చీటీ మీద చిన్న అక్షరాల్లో ఒక వరుసగా మిగిలిపోతుంది. దీనివల్ల పొరుగు రైతుకు కూడా సుఖం లేదు. 2016 ఏప్రిల్‌లో సరిహద్దు సమీపాన లె బులూ వద్ద ఫ్రెంచి ద్రాక్ష రైతులు స్పానిష్ ట్యాంకర్లను ఆపి వైనును రోడ్డు మీద పారబోశారు. ఆ వైను చేసిన రైతుకు అంతకుముందే అందిన ధర చూస్తే, నష్టపోయింది ఎవరో చెప్పడం కష్టమే.

ఈ గొలుసులో ఎక్కడా ఎవరూ వైను నోట పోసుకోలేదని పాఠకులు గమనించి ఉంటారు. గొట్టం చక్కెర చూసింది, ప్రయోగశాల ఆమ్లం చూసింది, దళారి రేటు చూశాడు. మన బజారుల్లో మిరప కొనే వర్తకుడు కూడా బస్తాలోంచి నాలుగు కాయలు తీసి విరిచి, వాసన చూసి, ఆ తర్వాతే ధర పాడతాడు. 

స్వయంగా బయల్దేరిన వర్తకుడు ఏం చేస్తాడంటే, ఉదయం పూట, నోరు శుభ్రంగా ఉన్నప్పుడు నేలమాళిగలోకి దిగుతాడు. అక్కడి మనిషి పీపా మూత తీసి గాజు గొట్టంతో కొద్దిగా లాగి గ్లాసులో పోస్తాడు. రంగు చూసి, వాసన పట్టి, పుక్కిలించి ఉమ్మేయాలి. మింగితే పదో పీపా దగ్గర మాట తడబడుతుంది. కొత్త ఎర్ర వైను ఆ దశలో వగరుగా, మొరటుగా ఉంటుంది. ఆ వగరు కాలక్రమాన మెత్తబడేదా, చివరిదాకా నాలుక పట్టుకునేదా అన్నది అంచనా వేయడమే అతని విద్య. పరీక్ష కాగితం ఈ మాట చెప్పదు.

ఈ పర్యటనల వల్ల రైతుకు ఒరిగేదేమిటని అడిగేవారికి కటలోనియాలోని ప్రియోరాట్ చరిత్ర చూపవచ్చు. నల్లని పలకరాతి కొండలు, నిలబడితే కాలు జారే వాలు, ఎకరాకు వచ్చే పంట అతి తక్కువ. ఎస్కలాదెయిలోని మఠం సన్యాసులు మధ్యయుగాల్లోనే ద్రాక్ష వేసిన నేల అది. అయినా ఇరవయ్యో శతాబ్దిలో జనం ఊళ్లు విడిచిపోయారు, తోటలు బీడుపడ్డాయి, మిగిలిన పంట చాలావరకు సంఘాల ట్యాంకుల్లో కలిసిపోయేది. డిగ్రీ లెక్కన ఆ కొండ రైతు మైదానపు రైతుతో పోటీపడడం అయ్యే పని కాదు. రెనే బార్బియే, అల్వారో పలాసియోస్ తదితరులు ఐదుగురు గ్రతలోప్స్ గ్రామంలో కలిసి 1989 పంటతో సీసా వైనులు తెచ్చారు. వాటిని రుచి చూసిన విదేశీ వర్తకులు, విమర్శకులు కొండ పేరును బజారుకెక్కించారు. 2009 నాటికి ఆ ప్రాంతానికి స్పెయిన్ ప్రభుత్వం రియోహాతో సమానమైన హోదా గుర్తించింది. అదే కొండ, అవే ముదురు తీగలు. రుచి చూసి ధర కట్టే కొనుగోలుదారు దొరకడమే కొత్త.

వలెన్సియా రేవుకు లోపల ఉన్న ఉతియెల్-రెకెనా ఇంకా ఆ మెట్టు పూర్తిగా ఎక్కలేదు. అక్కడి బోబాల్ అనే నల్లద్రాక్షను తరాల తరబడి రంగు కోసమే కొన్నారు. రెండింతల తొక్కలు వేసి సిరాలాంటి వైను తీసి, పలచని వైనులకు రంగు, బలం ఇవ్వడానికి ఎగుమతి చేసేవారు. ఆ ముదురు తోటల పంటను విడిగా తీసి సీసా కట్టే చిన్న ఉత్పత్తిదార్లు ఇప్పుడు ఉన్నారు. ప్రసిద్ధ పేర్ల చుట్టూ తిరిగే వర్తకుడు రెండు రోజులు ఇక్కడ కేటాయిస్తే ఖర్చు వృథా కాదని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

పేరు వచ్చేసిన రియోహాలో చిక్కు వేరు. బోర్డో తోటలను తెగులు తినేసిన రోజుల్లో ఫ్రెంచి వర్తకులు పైరెనీస్ పర్వతాలు దాటి ఇక్కడికి వచ్చారు. హారో పట్టణంలో పాత వైనరీలు రైలు స్టేషను చుట్టూ మూగి ఉండడానికి కారణం ఆ ఎగుమతే. తర్వాతి కాలంలో వైను ఎంతకాలం పీపాలో ఉంది, ఎంతకాలం సీసాలో ఉంది అన్నదాన్ని బట్టి క్రియాన్సా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా అని తరగతులు ఏర్పడ్డాయి. కొనేవాడికి సులువే గాని, ఏ ఊరి తోట అన్న ప్రశ్న వెనక్కు పోయింది. ఇదే అసంతృప్తితో అర్తాదీ అనే పేరున్న వైనరీ 2015 చివర రియోహా ముద్రనే వదులుకుంది. ఆ తర్వాత 2017లో నియంత్రణ మండలి ఒక్కొక్క తోట పేరు చీటీ మీద వేసుకునే వీలు కల్పించింది. పీపాలో గడిపిన నెలలు కూడా డిగ్రీ వంటి కొలతే, తోటను చెప్పలేవు.

చవక సరుకు విస్తారంగా అమ్మితే చివరకు ఏమవుతుందో దక్షిణాన హెరెస్ చూపుతోంది. షెర్రీ వైనుకు అక్కడ పూర్వం నుంచి అల్మసెనిస్తాలనే నిల్వదార్లు ఉన్నారు. వీరు పీపాలు నిల్వ చేసి ఎగుమతిదార్లకు అమ్మే టోకు వర్తకులు. సన్నని కాడకు చిన్న గిన్నె తగిలించిన వెనెన్సియా అనే సాధనంతో పీపాలోంచి వైను తీసి, వాసనను బట్టి సుద్దతో పీపా మీద గీతలు పెట్టి తరగతి నిర్ణయించడం వారి వాడుక. 1960, 70 దశకాల్లో రుమాసా అనే వ్యాపార సామ్రాజ్యం వైనరీలను వరుసగా కొని, తక్కువ ధరకు అమ్మకాలు పెంచుకుంటూ పోయింది. 1983 ఫిబ్రవరి 23న ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. ఒకప్పుడు 20 వేల హెక్టార్లు దాటిన షెర్రీ తోటలు నేడు 7 వేల పరిసరాలకు వచ్చాయి. ప్రపంచంలో ఇంత చవకగా దొరికే ఇంత గొప్ప వైను మరొకటి లేదని వర్తకులు మెచ్చుకుంటూ ఉంటారు. రైతుకు ఆ మెప్పు మీద కోపం వస్తే తప్పు పట్టలేం.

రుచి పర్యటనల్లో లోపాలు లేవని కాదు. పిలిచి భోజనం పెట్టినవారి కూరకు వంక పెట్టడం ఎవరికీ చేతకాదు. వేయించిన మాంసం, ఎదురుగా కొండలు, పక్కన యజమాని ఉండగా తాగిన వైను ఇంటికొచ్చి తాగితే నీరుకారినట్టు అనిపించడం పాత వర్తకులందరికీ అనుభవమే. పైగా యజమాని తీసేది తన మేలైన పీపా. తర్వాత సీసా కట్టే మిశ్రమంలో ఆ పీపా వాటా ఎంతో అడిగి తెలుసుకోవాలి. నాసి పీపా కూడా చూపమని అడిగితే మొహమాటపడేవాడి వద్ద బేరం తొందరపడకపోవడం మంచిది. చూసిన పీపా నుంచే మచ్చు తీసి, తేదీ వేసి, సీలు చేయించి తెచ్చుకుని, ఇంటి దగ్గర మామూలు రోజున మళ్లీ చూడాలి. కొరియరు మచ్చుకు అప్పుడు విలువ ఉంది. మొదటి రుచికి బదులుగా మాత్రం కాదు.

మరొక ప్రశ్న కూడా వర్తకులు అడగవలసి ఉంది. ద్రాక్షకు రైతుకు కిలోకు ఎంత ఇచ్చారు, ఎన్ని నెలలకు ఇచ్చారు? చాలామంది ఇది తమ పని కాదనుకుంటారు. మనసుకు నచ్చిన వైను పదేళ్లపాటు తెప్పించుకోవాలనుకునేవాడికి అది సొంత పనే. కిట్టుబాటు కాని ముదురు తోటను రైతు పీకివేయడం స్పెయిన్‌లో కొత్త కాదు. 2008 తర్వాత మూడేళ్లపాటు తోటలు తీసివేసినవారికి యూరోపియన్ యూనియన్ పరిహారం ఇచ్చినప్పుడు, అందరికంటే ఎక్కువ విస్తీర్ణం తొలగించింది స్పెయిన్ రైతులే. ముదురు తీగను పీకడానికి ఒక పూట చాలు. మళ్లీ ఆ వైను కావాలంటే వర్తకుని కొడుకు కూడా ముసలివాడవుతాడు.

శరదృతువులో పిండిన కొత్త వైను ఫిబ్రవరి, మార్చి నాటికి తేరుకుని రుచి చూడడానికి అనువుగా ఉంటుంది. పర్యటన తలపెట్టినవారు ఆ నెలల్లో బయల్దేరడం లాభం. చిన్న ఊళ్ల మంచి ట్యాంకులు, పీపాలు ఇంకా మిశ్రమంలో కలవకుండా, హెక్టోగ్రేడు బేరగాళ్ల లారీ ఎక్కకుండా విడిగా దొరికే అవకాశం అప్పుడే ఎక్కువ.